ఇక్కడ బీచ్ డ్రైవింగ్ నేర్పబడును

బోర్డు పైకెక్కిన అరగంటకే కింద సందంతా నవ్వడం మొదలుపెట్టింది.

అమీర్‌పేటలో మైత్రివనం వెనకున్న ఆ నాలుగంతస్తుల భవనానికి గోడ కనిపించనన్ని బోర్డులున్నాయి. జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్, అమెరికన్ యాక్సెంట్. వాటి మధ్య ఇప్పుడు పసుపు రేకు మీద ఎర్ర అక్షరాలు: 'ఇక్కడ బీచ్ డ్రైవింగ్ నేర్పబడును. ఫోర్ బై ఫోర్ బండ్లకు మాత్రమే. డెమో క్లాసు ఉచితం. ఫ్యాకల్టీ: యశస్విని, ఎం.సి.ఏ.'

"బీచ్ ఏడుందన్నా గీడ?" మిర్చిబజ్జీల బండి దగ్గర ఒకడు అడిగాడు.

"హుసేన్‌సాగర్ల బుద్ధుడు నిలవడ్డడు గదా, ఆయన కాళ్ళకాడ."

మూడో అంతస్తులో యశస్వినికి ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది. వైట్‌బోర్డు మీద టైరు బొమ్మ గీస్తున్న చెయ్యి ఆగలేదు. బెంచీల మీద ఆరుగురు కూర్చున్నారు. అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే. మొదటి బోనస్‌తో పెద్ద బండ్లు కొన్నవాళ్ళు. ఒక్కడు తప్ప మిగతావాళ్ళంతా ఏదో ఒక ఆదివారం ఏదో ఒక బీచ్‌లో ఇసుకలో దిగబడి, ట్రాక్టరుతో లాగించుకుని వచ్చినవాళ్ళు.

మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఆ చప్పుడు భవనంలో అందరికీ తెలుసు. ఓనరు వీరవెంకటసత్యనారాయణ గారు. రిటైరైన ఇంజనీరు. కర్ర నడవడానికి కాదు, చూపించి మాట్లాడడానికి.

"ఎవరమ్మా ఆ బోర్డు కట్టించింది?"

"నేనే సార్."

"జావా అంటే లోపల జావా ఉంది. ఒరాకిల్ అంటే ఒరాకిల్ ఉంది. ఈ ఊళ్ళో బీచ్ ఎక్కడుందమ్మాయ్?"

"అమెరికన్ యాక్సెంట్ చెప్పే సారు సుత అమెరికా చూడలే సార్. ఆయన బోర్డు మీరు దించమన్నరా?"

వెనక బెంచీ కిసుక్కుమంది. సత్యనారాయణ గారి కర్ర అటు తిరిగింది. అక్కడ కూర్చున్నది ఆయన కొడుకు ప్రమోద్. వాడు తల దించుకున్నాడు.

"నువ్వూ ఇక్కడే ఉన్నావా? ఇంట్లో చెప్పకుండా చేరావన్నమాట!" ఆయన ముఖం ఎర్రబడింది. "నేను పుట్టింది ఉప్పాడలోనమ్మా. మా అరుగు మీద కూర్చుంటే కెరటం తుంపర మొహాన పడేది. నా కొడుక్కి ఇసక గురించి నువ్వు చెప్తావా? ఒక్కటే అడుగుతా. నువ్వు సముద్రం చూశావా?"

అబద్ధం చెప్పడానికి అర సెకను చాలు. ఆమె ఆ అర సెకను వాడుకోలేదు.

"లేదు సార్. చూడలే."

సత్యనారాయణ గారు బెంచీల వైపు తిరిగారు.

"విన్నారుగా నలుగురూ! నా బిల్డింగు మీద ఈ అబద్ధం వేలాడదు. సాయంత్రానికి బోర్డు దించు."

"దించ."

"ఏంటీ?"

"దించనంటున్న సార్. సముద్రం చూడలే గానీ ఇసుక చూసిన. బండిని ఇసుకల నడపడం నాకొస్తది. నమ్మకపోతే తీస్కపోయి చూడుండ్రి."

సత్యనారాయణ గారు కర్రను నేలకు ఆనించారు. ఈ జవాబు ఆయనకు నచ్చింది. పోట్లాట అంటే ఆయనకు ఇష్టం.

"ఆదివారం మా వాడి కొత్త బండికి సముద్రం చూపించడానికి సూర్యలంక వెళ్తున్నాం. నువ్వూ నీ బండి తీసుకురా. సరుగుడు తోట దగ్గర మొదలెట్టి పడవల దాకా వెళ్ళి మళ్ళీ తోట దగ్గరికి రావాలి. మధ్యలో ఆగకూడదు. ఆగావో, బోర్డు దిగుతుంది."

"ఆగకపోతే?"

"ఈ బిల్డింగు నిలబడినన్నాళ్ళూ బోర్డూ నిలబడుతుంది."

"వస్త సార్," అని ఆమె టైరు బొమ్మలో మిగిలిన సగం గీసింది.

*

ఆ రేకు ముక్క కోసం ఇంత పంతమెందుకని తండ్రి మొగిలయ్య అడిగాడు. పంజాగుట్టలో ఆయనకు చిన్న డ్రైవింగ్ స్కూలుంది. గేటు లోపల మిలిటరీ వేలంలో కొన్న పాత జీపు ఉంది.

"ఆరేండ్లు టెస్టింగ్ చెప్పిన బాపు," అంది యశస్విని, జీపు స్టెప్నీ బిగిస్తూ. "పిల్లలు నా క్లాసుకే వచ్చేటోళ్ళు. బోర్డు మీద మాత్రం ఇన్‌స్టిట్యూట్ ఓనరు ఫోటో. ఒక్కసారి సుత నా పేరు లేదు. గిది నా పేరున్న మొదటి బోర్డు. ఎట్ల దించాలె?"

మొగిలయ్య గడ్డం గీరుకున్నాడు. ఇసుక మీద బండి నడిపే ఈ చదువు కూతురికి ఎలా వచ్చిందో ఆయనకు తెలుసు. పుస్తకాలు చదివింది. ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చుని ఎడారి దేశాలవాళ్ళు రాసినవన్నీ చదివింది. ఆ తర్వాత బోరబండ దగ్గర ఇసుక లారీల అడ్డా పట్టుకుంది. ఊరంతా అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులు. లారీలు తెచ్చిన ఇసుకను ఖాళీ స్థలంలో గుట్టలుగా పోసి అమ్ముతారు. అడ్డావాళ్ళతో మాట్లాడుకుని ప్రతి ఆదివారం పొద్దున ఆ గుట్టలు పరిపించి, వాటి మీద జీపు నడిపింది. దిగబడింది, తవ్వింది, మళ్ళీ నడిపింది. ఏడాదయ్యేసరికి జీపు ఆ ఇసుకలో సీసీ రోడ్డు మీద పోయినట్టు పోయేది.

"గది ఏటి ఇసుక బిడ్డా. సముద్రపుది వేరే ఉంటదేమో."

"ఉంటే నేర్సుకుంట."

"నేను సుత వస్త. జీపు నాది గదా."

*

ఆదివారం తెల్లవారుజామున పంజాగుట్ట పెట్రోలు బంకులో రెండు బండ్లూ పక్కపక్కన ఆగాయి. ప్రమోద్ బండి తెల్లగా, ఎత్తుగా మెరుస్తోంది. వెనక డోరు మీద 'ఫోర్ బై ఫోర్' అని వెండి అక్షరాలు. ముందు పసుపు, కుంకుమ, పూలదండ. డ్రైవింగ్ సీట్లో కొడుకు కాదు, సత్యనారాయణ గారు.

"గాలి గట్టిగా కొట్టు బాబూ," అన్నారు బంకు కుర్రాడితో. "ముప్పై అయిదు. ఇంకో మూడు వెయ్యి, దూరప్రయాణం."

"రోడ్డుకు బాగనే ఉంటది సార్," అంది యశస్విని. "ఇసుకల దిగే ముందు తీసెయ్యాలె."

"కొత్త బండికి గాలి తీస్తారా ఎవరైనా? అమీర్‌పేటలో నో పార్కింగులో పెట్టిన వాళ్ళకి తీస్తారమ్మా పోలీసులు!"

ఆయన నవ్వుకు ప్రమోద్ నవ్వలేదు. వాడు క్లాసులో ఇది రాసుకున్నాడు. నాన్నకు చెప్పే ధైర్యం మాత్రం ఏ క్లాసులోనూ దొరకదు.

మధ్యాహ్నానికి సూర్యలంక చేరారు. జనం ఉన్న చోటు దాటి, సరుగుడు తోట చివర బండ్లు ఆపారు.

యశస్విని జీపు దిగి చూసింది.

అంత నీళ్ళు. అటు చివర లేదు. చప్పుడు ఆగడం లేదు. పక్కన సత్యనారాయణ గారు తన ముఖం వైపే చూస్తున్నారని తెలిసి, వంగి టైరు వాల్వు మూత తీసింది.

"ఎలా ఉంది మా సముద్రం?"

"పెద్దగుంది సార్," అని గాలి వదిలింది.

బోరబండలో ఇరవై సరిపోయేది. ఇరవై ఉంచి, ముందు ఒక చిన్న చుట్టు వేసి చూసింది. పైన పొర గట్టిగా కనిపించింది. దాని మీదకు ఎక్కగానే అప్పడంలా విరిగింది. కింద మెత్తటి పిండి. జీపు మూలిగి ఆగింది. సత్యనారాయణ గారు చప్పట్లు కొట్టారు.

"ఇదీ ఇసకంటే!"

"గిది పరీక్ష గాదు సార్, ట్రయలే," అంది ఆమె. యాక్సిలరేటర్ తొక్కలేదు. తొక్కితే టైరు తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. రివర్సులో, వచ్చిన చాలులోనే మెల్లగా వెనక్కి వచ్చింది. దిగి, గేజి పెట్టి, నాలుగు టైర్లూ పదహారుకు దించింది. టైర్లు ఒంటె పాదాల్లా పరుచుకున్నాయి. మళ్ళీ అదే చోటికి వెళ్ళింది. ఈసారి పొర విరగలేదు.

మొగిలయ్య ఊపిరి వదిలాడు. "నేర్సుకున్నవ్."

"ఇక మొదలెట్టు," అన్నారు సత్యనారాయణ గారు. "నువ్వు పడవల దాకా వెళ్ళొచ్చేలోపు మా పూజ అయిపోతుంది. ఇక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి."

*

జీపు బయల్దేరింది. రెండో గేరు, ఒకే వేగం. స్టీరింగ్ గట్టిగా తిప్పలేదు. బ్రేకు ముట్టలేదు. పక్కన మొగిలయ్య సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. ఇసుక మీద జీపు పడవలా ఊగుతూ పోతోంది. అవతల నిజమైన పడవలు దగ్గరవుతున్నాయి. సగం దాటింది.

"బిడ్డా," అన్నాడు మొగిలయ్య వెనక్కి తిరిగి. "ఆ పెద్దమనిషి ఏం చేస్తుండు?"

ఆమె అద్దంలో చూసింది.

తెల్ల బండి తోట దగ్గర లేదు. ఇసుక గట్టు దాటి, నీటి వైపు వాలులో ముక్కు దించి నిలబడి ఉంది. దాని చుట్టూ బీచ్ వైపు నుంచి పరుగెత్తుకొచ్చిన మనుషులు. వెనక చక్రాల నుంచి ఇసుక ఫౌంటెన్‌లా లేస్తోంది. ఒక అల వచ్చి ముందు బంపరు తడిపి పోయింది.

"పోటు వస్తుంది," అన్నాడు మొగిలయ్య. "కానీ ఆగకు. ఆగితే బోర్డు పోతది."

పడవలు ఎదురుగానే ఉన్నాయి. అవి చుట్టి వచ్చేసరికి అలలు ఇంజన్ దాకా వస్తాయి. ఉప్పునీళ్ళు తాగిన కొత్త బండి మళ్ళీ కొత్త బండి కాదు. అది ప్రమోద్ బండి. తన బెంచీ మీద కూర్చున్నవాడి బండి.

ఆమె స్టీరింగ్ తిప్పింది.

గట్టు పైన, చాలులోనే జీపు ఆపి పరుగెత్తింది. జరిగిందేమిటో చూడగానే తెలిసింది. కొత్త బండి కదా, గట్టు అంచుకు తెచ్చి సముద్రుడికి కొబ్బరికాయ కొట్టారు. హారతి ఇచ్చారు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. నిమ్మకాయలు తొక్కించేటప్పుడు కొత్త బండి ముందుకే కదలాలి, వెనక్కి కదిలితే అశుభం. ముందు వాలు ఉంది. వాలు మెత్తగా ఉంది. ఆయన ముందుకే కదిలించారు.

"తోయండి! ఇంకా గట్టిగా తోయండి!" లోపల్నుంచి సత్యనారాయణ గారు అరుస్తున్నారు. ఇంజన్ గోల పెడుతోంది. నిమ్మకాయ ముక్కలు, ఇసుక కలిసి తోస్తున్నవాళ్ళ ముఖాల మీద పడుతున్నాయి.

యశస్విని కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పింది. ఇంజన్ ఆగింది.

"నువ్వు ఆగావు!" అన్నారు ఆయన మొట్టమొదట. "నేను చూశాను. మధ్యలో ఆగావు. పందెం పోయింది."

"పోనీ సార్. ఫోర్ వీల్ వేసిండ్రా?"

"వెయ్యడమేంటి? వెనకాల డోరు మీద రాసుందిగా!"

ప్రమోద్ కళ్ళు మూసుకున్నాడు. "నాన్నా, పక్కనున్న ఆ చిన్న గేరు రాడ్ వెయ్యాలి, అప్పుడే నాలుగు చక్రాలూ లాగుతాయి. నేను చెప్పబోతే..."

"చెప్పబోయావు, చెప్పలేదు!"

"తాడు కట్టి లాగుదమా?" మొగిలయ్య పైనుంచి అడిగాడు.

"వద్దు బాపు. గిది మన జీపుకు రెండింతలు బరువుంది. రెండూ కూర్చుంటయ్." ఆమె ప్రమోద్ వైపు తిరిగింది. "గాలి తియ్. పదహారు. నాలుగింటికి. క్లాసుల చెప్పిన కదా, చేతులు వణకొద్దు."

వాడు మోకాళ్ళ మీద కూలబడి వాల్వులు తీశాడు. యశస్వినికి తవ్వడానికి ఏదీ దొరకలేదు. ఇసుకలో హారతి పళ్ళెం కనిపించింది. కర్పూరం దులిపి, దానితోనే టైర్ల ముందు ఇసుక తోడింది. లోపలి కాలిమ్యాట్లు లాగి, చక్రాల ముందు పరిచింది. ఈలోపు రెండు అలలు వచ్చి పోయాయి. వెళ్ళేటప్పుడు ముందు టైర్ల కిందనుంచి ఇసుకను లాక్కుని వెళ్ళాయి. బండి ఇంకో జానెడు దిగింది. ఆమె బిత్తరపోయింది. బోరబండలో ఇసుక తనంతట తాను కదలదు.

"సార్, దిగుండ్రి. నేను నడుపుత."

"నా కొడుకు బండి. నేను దిగను."

"అయితే పక్క సీట్ల కూసోండ్రి. పరీక్ష పెట్టేటోళ్ళు పక్కనే కూసోవాలె గదా."

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. కర్ర పట్టుకుని పక్క సీట్లోకి జరిగారు.

ఆమె ఎక్కి ఆ చిన్న గేరు రాడ్ వేసింది. వెనక గట్టు మీదనుంచి పది గొంతులు: "రివర్స్! మేడమ్, రివర్స్ వెయ్!"

వెనక ఎత్తు. మెత్తటి ఎత్తు. బండి దాన్ని ఎక్కదు. కానీ ముందు, అల పరుచుకునే చోట, ఇసుక తడిసి నల్లగా, గట్టిగా ఉంది. ఆ గట్టి పట్టీ పడవల దాకా ఉంది. పడవలు ఎక్కించే చోట గట్టు లేదు. అక్కడినుంచి పైకి రావచ్చు.

"ముందుకే పోతున్న సార్."

"సముద్రంలోకా! పిచ్చా నీకు?"

"మీ నిమ్మకాయలు సుత గదే అంటున్నయి. బండి కిందికి వాలిందే ఉన్నది, ఒక్క తోపు సాలు. నీళ్ళకాడ తిప్పి పట్టీ పట్టుకుంట. కానీ తిప్పేటప్పుడు అల రావద్దు. అల వస్తే కింద ఇసుక పోతది. ఎప్పుడు పోవాల్నో నాకు తెల్వదు." ఆమె ఆయన వైపు తిరిగింది. "మీరు చెప్పుండ్రి. ఉప్పాడ అన్నరు గదా."

సత్యనారాయణ గారు అద్దంలోంచి నీళ్ళను చూశారు. ఆయన ముఖంలో కోపం ఎటో పోయి, ఒక పిల్లాడి శ్రద్ధ వచ్చింది. కెరటాల అంచున పరుగుపందేలు ఆడిన పిల్లాడి శ్రద్ధ.

"ఇది పెద్దది. రానీ. వెనకాలే దాని తమ్ముడు ఉంటాడు చూడు... వాడూ రానీ. ఆగు. ఆగమ్మాయ్. కాలు తియ్యకు..."

రెండో అల బానెట్ మీద తుంపర చల్లి వెనక్కి లాగింది.

"ఇప్పుడు! పో, పో, పో!"

ఆమె క్లచ్ వదిలింది. మెత్తగా. టైర్లు మ్యాట్లను కరుచుకున్నాయి. బండి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, గోతిలోంచి లేచి, నేరుగా సముద్రం మీదకు జారింది. గట్టు మీద అందరూ కేక పెట్టారు. వెనక్కి పోతున్న అల వెంట బండి పరుగెత్తింది. నీళ్ళ అంచు చక్రానికి తగిలింది. ఆమె స్టీరింగ్‌ను కొంచెం కొంచెంగా ఎడమకు తిప్పింది. కింద గట్టి ఇసుక తగిలింది. ఆమె ఒంటికి తెలిసిపోయింది.

"ఎక్కినం!"

"మాట్లాడకు, ఇంకోడు వస్తున్నాడు! పైకి, జరా పైకి!" సత్యనారాయణ గారి నోట్లోంచి హైదరాబాదు ఊడిపడింది. ఆయనకు తెలియలేదు.

ఆమె పైకి తీసింది. కుడిపక్క అల పొడుగునా విరిగింది. బండి పడవల వైపు దూసుకుపోయింది. వలలు బాగు చేసుకుంటున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. పడవల చుట్టూ తిప్పింది, గట్టు లేని చోటుతో పైకెక్కింది, అదే వేగంతో పై ఇసుక మీదుగా వెనక్కి వచ్చింది. మధ్యలో జీపు కనిపించింది, మొగిలయ్య దాని మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఆపలేదు.

సరుగుడు తోట నీడలోకి వచ్చి, బ్రేకు వెయ్యకుండా, బండిని దానంతట అదే ఆగనిచ్చింది.

ఆమె తాళం తిప్పి ఇంజన్ ఆపింది.

"తోటకాడ నుంచి పడవల దాకా," అంది యశస్విని. "పడవలకాడ నుంచి తోట దాకా. లేచినంక మధ్యల ఆగలే సార్."

"మొదలెట్టింది తోట దగ్గర కాదు. గోతిలోంచి."

"గయితే మళ్ళ పోదమా? నాకేం ఫికర్ లేదు."

ఆయన కర్ర తలను అరచేత్తో రుద్దారు. తల అడ్డంగా ఊపారు.

"వద్దులే," అన్నారు. "బోర్డు ఉంచుకో." డోరు తీసి, ఒక కాలు కింద పెట్టి ఆగారు. "కానీ అది సగం అబద్ధమే. బీచ్ అంటే ఇసక ఒక్కటే కాదమ్మాయ్. కెరటం సంగతి నీ క్లాసులో ఎవరు చెప్తారు?"

"తెలిసినోళ్ళెవరన్న వస్తే చెప్పిస్త."

*

తర్వాతి ఆదివారం మూడో అంతస్తు గదిలో నిలబడడానికి చోటు లేదు. సూర్యలంక కథ మైత్రివనం దాటి పంజాగుట్ట చౌరస్తా దాకా పాకింది. ఏడు రకాలుగా పాకింది. ఒక దాంట్లో బండి సముద్రంలో ఈదింది.

మెట్ల మీద కర్ర చప్పుడైంది. సత్యనారాయణ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు.

"నా సబ్జెక్టు ఎప్పుడు?" అన్నారు.

"అమీర్‌పేటల ఎవరికైనా ఒకటే రూలు సార్," అంది యశస్విని. "ముందు డెమో క్లాసు. పిల్లలకు నచ్చితేనే ఫ్యాకల్టీ."

"నా బిల్డింగులో నాకే డెమోనా?"

"బిల్డింగు మీది. బోర్డు నాది."

ఆయన ఆమెను కోపంగా చూశారు. ఆ కోపాన్ని బాగా ఆనందించారు. మార్కర్ తీసుకుని వైట్‌బోర్డు మీద ఒక అల గీశారు. దాని వెనక తమ్ముణ్ణి గీశారు. పెద్ద అలకు, చిన్న అలకు మధ్య ఉండే సందు గురించి, వెనక్కి పోయే నీళ్ళు కాలికింద చేసే దొంగతనం గురించి చెప్పుకుంటూ పోయారు. ప్రమోద్ నోరు తెరిచి విన్నాడు. ఇంట్లో ఎప్పుడూ విననిది.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నారు చివర.

ఆఖరి బెంచీలో ఒక చెయ్యి లేచింది. యశస్వినిది.

"సార్, ఇసుకల దిగే ముందు టైర్లల్ల గాలి ఎంత ఉండాలె?"

సత్యనారాయణ గారు కర్ర కోసం వెతికారు. అది గుమ్మం దగ్గర గోడకు ఆనించి ఉంది. చాలా దూరం. గదిలో అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"పదహారు," అన్నారు.

"వినవడలే సార్."

"పదహారూ!" అని అరిచారు. కింద మిర్చిబజ్జీల బండి దాకా వినిపించింది.